పుస్తకంలో లాభం, ఖాతాలో ఖాళీ: మొదటి ఏడాది గట్టెక్కేదెలా?

కొత్తకుట్టు · సోమవారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. గుడ్డ సంచులు కుట్టి షాపులకి సప్లై చేసే చిన్న యూనిట్ పెట్టాను, ఆరో నెల నడుస్తోంది. అసలు అంకెలు ఇక్కడ పెట్టలేను, నిష్పత్తిలో చెప్తాను. మొదటి నెల అమ్మకం 100 అనుకుంటే పోయిన నెల 300, దానికి ముందు నెల 250. గుడ్డ, దారం, హ్యాండిళ్లు కలిపి అమ్మకంలో సగం పోతుంది. పీసు లెక్కన కుట్టుకూలి 15 శాతం. అద్దె, కరెంటు, హెల్పర్ జీతం, లోను మీద వడ్డీ కలిపి నెలకి 70.

ఈ లెక్కన పోయిన నెల 35 మిగలాలి. పుస్తకంలో మిగిలింది కూడా! ఖాతా చూస్తే మాత్రం నెలనెలా పలచబడుతోంది. చేతిలో డబ్బు ఆడటం లేదు. ఆమధ్య ఒక వారం కూలి ఇవ్వడానికి ఇంట్లోంచి తేవాల్సి వచ్చింది. ఎవరో తినేస్తున్నారేమోనని బిల్లులన్నీ రెండుసార్లు సరిచూశాను, ఎక్కడా తేడా లేదు.

ఇంతలో ఒక పెద్ద రిటైలర్ నుంచి ఆర్డర్ వచ్చింది. ఒక్కటే 300, అంటే నా నెల అమ్మకమంత. నెలలో ఇవ్వాలి, రేటు 10 శాతం తగ్గించాలి, సరుకు అందిన 60 రోజులకి డబ్బు. శుక్రవారంలోగా జవాబు చెప్పాలి. తీసుకోనా వద్దా? మా వాళ్లేమో మొదటి ఏడాదిలో పదింట తొమ్మిది వ్యాపారాలు మూతపడతాయని రోజూ భయపెడుతున్నారు.

గల్లాపెట్టె · సోమవారం రాత్రి 11:05

ఇందులో అడగడానికేముంది తమ్ముడూ, కళ్లు మూసుకుని తీసుకో. పెద్దవాళ్ల దగ్గర ఒకసారి వెండర్ కోడ్ (సప్లై చేసేవాళ్ల లిస్టులో మన నంబరు) పడిందంటే మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే పిలుస్తారు. డబ్బు సంగతి ఎలాగో సర్దుకోవచ్చు. చిన్న షాపుల చుట్టూ తిరుగుతూ కూర్చుంటే పదేళ్లయినా ఇక్కడే ఉంటావ్.

పద్దులరాయుడు · మంగళవారం ఉదయం 7:15

కళ్లు మూసుకోకండి. ముందు మూడు ప్రశ్నలు. షాపులు సగటున ఎన్ని రోజులకి డబ్బిస్తున్నాయి? గుడ్డ వ్యాపారికి మీరు ఎన్ని రోజుల్లో కడుతున్నారు? గుడ్డ, సగం కుట్టినవి, కుట్టి పెట్టినవి అన్నీ కలిపి ఎన్ని రోజుల సరుకు మీ దగ్గర ఉంటుంది?

ఇంకోటి. లోను వాయిదాలో వడ్డీ మాత్రమే చెప్పారు. అసలు ఎంత పోతోంది? ఇంటి ఖర్చుకి ఎంత తీస్తున్నారు?

కొత్తకుట్టు · మంగళవారం ఉదయం 8:50

షాపులు 45 రోజులు సార్. గుడ్డకి 15 రోజుల్లో కట్టాలి, కొత్త పార్టీ కాబట్టి అంతకంటే అరువు ఇవ్వరు. సరుకు 20 రోజులది ఉంటుంది. లోను అసలు నెలకి 12. ఇంటికి 20 తీస్తున్నా, దాన్ని పుస్తకంలో ఎక్కడా రాయలేదు. అది ఖర్చు కిందికి రాదు కదా?

పద్దులరాయుడు · మంగళవారం ఉదయం 9:30

ఎవరూ తినడం లేదండీ. మీ డబ్బు మీ కస్టమర్ల దగ్గర ఉంది.

పోయిన నెల వేసిన బిల్లులు 300 మొత్తం ఇంకా బయటే ఉన్నాయి. అంతకు ముందు నెల 250లో సగం, 125 కూడా బయటే. మొత్తం 425 రావాలి. దాన్ని తయారు చేయడానికి గుడ్డకీ కూలికీ మీకయ్యింది 65 శాతం, దాదాపు 276. నెలకి 100 అమ్మిన రోజుల్లో 45 రోజుల బాకీ అంటే 150, అందులో మీ ఖర్చు 98 లోపు. ఆ తేడా అంతా ఈ కొద్ది నెలల్లో ఖాతాలోంచి కదిలి షాపుల అరల్లోకి వెళ్లింది.

సరుకు 20 రోజులు, బాకీ 45 రోజులు, అందులోంచి గుడ్డ వ్యాపారి ఇచ్చే 15 తీసేయండి. 50 రోజులు. గుడ్డకి కట్టిన రోజు నుంచి సంచి డబ్బు చేతికొచ్చే దాకా ఆ 50 రోజులూ మీరే పెట్టుబడి పెడుతున్నారు. అమ్మకం రెట్టింపైతే ఈ పెట్టుబడీ రెట్టింపవుతుంది. పెరుగుతున్న వ్యాపారాన్ని డబ్బు కొరత ఆపేయడాన్ని ఓవర్‌ట్రేడింగ్ అంటారు. అమ్మకాలు లేక మూతపడేవాళ్లని అందరూ గుర్తిస్తారు. ఆర్డర్లు ఉండి మూతపడేవాళ్లని చూస్తే మాత్రం ఎవరికీ అర్థం కాదు.

ఇక ఆ 35 సంగతి. లోను అసలు 12 ఖర్చు పద్దులో పడదు, కానీ ఖాతాలోంచి పోతుంది. ఇంటికి తీసే 20 కూడా అంతే. మిగిలేది 3. అరువులో డబ్బు ఇరుక్కోకపోయినా నెలకి మీకు నిజంగా మిగిలేది అంతే. మీ చోట చట్టం దాన్ని ఖర్చుగా చూసినా చూడకపోయినా, మీరు మాత్రం ఆ 20ని మీ జీతం అనుకుని ప్రతి నెలా రాయండి. లేకపోతే జీతం లేని ఉద్యోగి ఉన్నాడు కాబట్టే నడిచే యూనిట్‌ని లాభాల యూనిట్ అనుకుంటారు.

అమ్మకం పన్ను ఖాతాలోనే ఉంటోందా, విడిగా ఉంచుతున్నారా?

కొత్తకుట్టు · మంగళవారం ఉదయం 10:02

అదే ఖాతాలో 😶 ఇప్పుడు ఖాతాలో ఉన్నది 90. అందులో దాదాపు 30 పన్నుదే.

పద్దులరాయుడు · మంగళవారం ఉదయం 10:20

అయితే మీ దగ్గర ఉన్నది 60. ఈ రోజే ఇంకో ఖాతా తెరిచి ఆ 30 అందులోకి మార్చండి. కస్టమర్ మీకు ఇంకా ఇవ్వకపోయినా, చాలా చోట్ల బిల్లు వేసిన లెక్కనే పన్ను కట్టాలి. మొదటి ఏడాది ఇక్కడ కూడా దెబ్బ తగలొచ్చు.

సూదీదారం · మంగళవారం మధ్యాహ్నం 2:10

నేను ఎంబ్రాయిడరీ యూనిట్ నడుపుతాను, కాబట్టి ఈ లెక్క నాకు బాగా తెలుసు. తమ్ముడూ, ఆ పెద్ద ఆర్డర్ కాగితం మీద పెట్టి చూద్దాం.

నీ మామూలు రేటు ప్రకారం 300. గుడ్డా సామానూ 150, కూలి 45, కలిపి 195 నీ చేతిలోంచి పోవాలి. పది శాతం తగ్గిస్తే వాళ్లిచ్చేది 270. మిగులు 105 ఉండాల్సింది 75 అవుతుంది. రేటు తగ్గించింది పదోవంతు, మిగులులో పోయింది నాలుగోవంతు పైనే. అదే మిగులు రావాలంటే ఆ రేటుకి 40 శాతం ఎక్కువ సంచులు కుట్టాలి. కుట్టేవాళ్లు ఉన్నారా?

డబ్బు ఎప్పుడొస్తుంది? ఈ రోజు గుడ్డ కొంటావు, నెలాఖరుకి సరుకు ఇస్తావు, అక్కణ్నుంచి 60 రోజులు. మొత్తం మూడు నెలలు. నీ దగ్గర 60 ఉంది, కావాల్సింది 195. ఈలోగా మామూలు షాపుల సప్లై ఆగకూడదు, నెలనెలా 70 ఆగదు, వాయిదా ఆగదు.

@గల్లాపెట్టె అన్నా, "ఎలాగో సర్దుకోవచ్చు" అన్నారే, ఆ సర్దేది ఎక్కడో చెప్పండి.

గల్లాపెట్టె · మంగళవారం మధ్యాహ్నం 3:00

ఎక్కడేముందమ్మా. పర్చేజ్ ఆర్డర్ చూపిస్తే బిల్లు మీద అప్పిచ్చేవాళ్లు ఉన్నారు. కొంత వడ్డీ పోతుంది, పోనీ. రిస్క్ లేకుండా వ్యాపారం ఎవడు చేశాడు?

సూదీదారం · మంగళవారం మధ్యాహ్నం 3:25

బిల్లు మీద అప్పు సరుకు చేరి బిల్లు పడ్డాక కదా అన్నా. గుడ్డ కొనాల్సిన రోజు చేతిలో బిల్లే ఉండదు. ఆర్డర్ కాగితం చూసి ఇచ్చేవాళ్లూ ఉన్నారు, కాదనను. కానీ కొత్త యూనిట్‌కి ఆ అప్పు అంత తేలిగ్గా పుట్టదు, పుట్టినా వడ్డీ ఎక్కువ. 75 మిగులులోంచి ఆ వడ్డీ తీశాక ఏం మిగులుతుందో ముందు చూడాలి.

నిద్రలేనిరాత్రి · మంగళవారం సాయంత్రం 6:45

లెక్క అక్కయ్య చెప్పినట్టే ఉంది. నా భయం వేరే. ఆర్డర్ తీసుకుంటే ఆ నెల అమ్మకంలో దాదాపు సగం ఒక్క కస్టమర్‌దే. రెండో ఆర్డర్‌కి ఇంకో 5 శాతం తగ్గించమంటే కాదనగలవా? అప్పటికి ఇద్దరు మనుషుల్ని ఎక్కువ పెట్టుకుని ఉంటావు.

ఇంకో విషయం, ఎవరూ అడగలేదు కాబట్టి నేనే అడుగుతున్నా. రోజుకి ఎన్ని గంటలు పడుకుంటున్నావ్?

కొత్తకుట్టు · మంగళవారం రాత్రి 9:30

నిద్ర సంగతి వదిలేయండి అన్నా 🙂

40 శాతం లెక్క చూశాక తల తిరిగింది. ఇది కాకుండా ఒక షాపువాళ్లు 100 దాకా బాకీ పడి ఫోన్ ఎత్తడం లేదు. అది పోయినట్టేనా?

పద్దులరాయుడు · మంగళవారం రాత్రి 10:15

పోతే ఎంత పోయినట్టో తెలుసుకోండి. 100 బాకీలో మీ ఖర్చు 65. అమ్మకం మీద మీకు మిగిలేది 35 శాతం. ఆ 65 తిరిగి రాబట్టడానికి కొత్తగా దాదాపు 186 అమ్మాలి, అవి కూడా డబ్బు సరిగ్గా ఇచ్చేవాళ్లకే అమ్మాలి. ఆ 100లో పోయిన లాభం 35 ఇంకా కలపలేదు. అందుకే మొహమాటపడి అరువిచ్చే ముందు ఒక్క క్షణం ఆగాలి.

బాకీబాబు · బుధవారం ఉదయం 6:30

వసూళ్ల గురించి నన్ను మాట్లాడనివ్వండి, నా ఉద్యోగమే అది. వేరేవాళ్ల కంపెనీలో బాకీలు రాబట్టడం.

డబ్బు ఇవ్వనివాళ్లలో చాలామంది ఎగ్గొట్టేవాళ్లు కాదు. బిల్లు వాళ్ల అకౌంట్స్ టేబుల్ మీద ఎక్కడో ఆగి ఉంటుంది. బిల్లు మీద వాళ్ల పర్చేజ్ ఆర్డర్ నంబరు లేదు, లేదా పీసుల సంఖ్య డెలివరీ చలానాతో కలవలేదు, లేదా సరుకు అందినట్టు గోడౌన్‌లో సంతకం పడలేదు. ఆ బిల్లు పక్కకి పెడతారు, మీకు చెప్పరు. మీరేమో 45వ రోజు దాకా ఆగి ఫోన్ చేస్తారు. అప్పుడు సరిచేసి మళ్లీ పంపితే లెక్క మొదటి నుంచి!

గడువు దాటాక కాకుండా బిల్లు పంపిన వారంలోపే ఫోన్ చేయండి. డబ్బు అడగక్కర్లేదు. "బిల్లు అందిందా అండీ, అన్నీ సరిగ్గా ఉన్నాయా, ఏ తేదీకి వేశారు?" అంతే. గడువుకి నాలుగు రోజుల ముందు ఇంకోసారి. ఓనర్‌కి కాదు, చెక్కు రాసే మనిషికి చేయాలి. ఆ మనిషి పేరు, డైరెక్ట్ నంబరు మొదటి డెలివరీ రోజే తీసుకోవాలి.

సరుకు వెళ్లిన రోజే బిల్లు వెళ్లాలి. నెలాఖరుకి అన్నీ కలిపి వేసేవాళ్లని చూశాను. పదో తారీఖు సరుక్కి ముప్పైన బిల్లు వేస్తే వాళ్లడగని 20 రోజులు మీరే ఇచ్చినట్టు.

ఆ 60 రోజులు ఎప్పటి నుంచో కూడా రాయించుకోండి. సరుకు అందిన రోజు నుంచా, బిల్లు ఆమోదించిన రోజు నుంచా, ఆ నెలాఖరు నుంచా? నెలాఖరు నుంచి అయితే మూడో తారీఖున ఇచ్చిన సరుక్కి దాదాపు 90 రోజులు.

ఫోన్ ఎత్తని షాపుకి పాత బాకీలో సగమైనా పడే దాకా కొత్త సంచి ఒక్కటి పంపకండి. కోపం చూపించక్కర్లేదు. "సిస్టంలో ఆగిపోయింది అండీ" అంటే చాలు.

గల్లాపెట్టె · బుధవారం ఉదయం 8:10

ఆ సిస్టం ఆయనే కదా 😂

కానీ బాకీబాబు చెప్పింది నిజం. త్వరగా ఇచ్చేవాళ్లకి రెండు శాతం తగ్గించినా మంచిదే, నేను అలాగే చేస్తా.

పద్దులరాయుడు · బుధవారం ఉదయం 8:55

చేయొచ్చు, ఖరీదు తెలుసుకుని చేయాలి. 30 రోజులకి రావాల్సినది 10 రోజులకే వస్తుందని 2 శాతం వదిలితే, 20 రోజుల ముందు రావడానికి 98 మీద 2 ఇచ్చినట్టు. ఏడాది వడ్డీకి మారిస్తే 37 శాతం. కూలి ఆగిపోయే వారంలో అది కూడా చవకే అనిపిస్తుంది, అలవాటైతే మాత్రం మిగులు తినేస్తుంది.

మూసేసినవాణ్ణి · బుధవారం మధ్యాహ్నం 1:40

పదింట తొమ్మిది అన్న మాట ఎవరో పుట్టించారు, అందరూ మోస్తున్నారు. అమెరికాలో కార్మిక గణాంకాల బ్యూరో ఏళ్ల తరబడి లెక్కపెడుతోంది. అక్కడ కొత్తగా తెరిచినవాటిలో మొదటి ఏడాదిలో మూతపడేవి సుమారు అయిదోవంతు. అయిదేళ్లు తిరిగేసరికి దాదాపు సగం. వేరే దేశాల్లో అంకె మారుతుంది. అయినా మొదటి ఏడాదే తొమ్మిది పోవడం అన్నది ఆ లెక్కకి దరిదాపుల్లో లేదు.

నేను ఆ అయిదోవంతులో ఒకణ్ణి. మొదటి ఏడాదిలోనే మూసేశాను. అప్పు లేకుండా మూసేశాను, దాని గురించే చెప్తా. మొదలుపెట్టక ముందే నేనూ మా ఆవిడా కూర్చుని ఒక అంకె రాసుకున్నాం. పొదుపు దాని కిందికి దిగితే, ఆ రోజు ఎంత మంచి ఆర్డర్ చేతిలో ఉన్నా సరే, ఆపేయాలి. వరసగా మూడు నెలలు ఖర్చులు రాకపోయినా ఆపేయాలి. అంకె వచ్చిన రోజు నాకు చాలా కారణాలు దొరికాయి, ఇంకో రెండు నెలలు చూద్దామనిపించింది. కాగితం మీద ఆవిడ సంతకం కూడా ఉంది కాబట్టి కుదరలేదు. మెషీన్లు అమ్మి అందరి బాకీలూ తీర్చాం. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నా, ఇంకోటి పెట్టే ఆలోచన కూడా ఉంది.

నీ అంకె ఎంత తమ్ముడూ? ఇంట్లోంచి కూలి డబ్బు తెచ్చానన్నావు. అది మళ్లీ మళ్లీ జరిగే ముందే రాసుకో. ఇంట్లోంచి తెచ్చినది కూడా అప్పు కిందే పుస్తకంలో రాయి.

కొత్తకుట్టు · బుధవారం రాత్రి 10:20

రాయలేదు అన్నా. ఈ రాత్రే రాస్తాం.

పద్దులరాయుడు గారూ, రాబోయే రోజుల్లో డబ్బు ఎప్పుడు అయిపోతుందో ముందే తెలుసుకునే పద్ధతి ఏదైనా ఉందా? నెల లెక్క వేస్తే అన్నీ బాగానే కనిపిస్తున్నాయి.

పద్దులరాయుడు · గురువారం ఉదయం 7:00

నెల లెక్కలో కనపడదు. నెల మొత్తం మీద 20 మిగలొచ్చు, రెండో వారం కూలి రోజున మాత్రం ఖాతా సున్నా కావచ్చు. వారాల లెక్క వేయండి. అడ్డంగా 13 గళ్లు, ఒక్కో గడి ఒక్కో వారం. 13 వారాలంటే మూడు నెలలు, కాబట్టి మూడు నెలలకోసారి కట్టాల్సినవి కూడా అందులో పడతాయి.

పైన వారం మొదట్లో ఖాతాలో ఉన్నది రాయండి. దాని కింద వచ్చేది. బిల్లు తేదీని చూసి కాకుండా ఆ షాపు పోయినసారి నిజంగా ఎన్నాళ్లకి ఇచ్చిందో చూసి ఏ వారంలో వస్తుందో వేయండి. దాని కింద పోయేది: గుడ్డ, కూలి, అద్దె, వాయిదా, పన్ను, మీ జీతం. చివర మిగిలేది. ఏ వారం మైనస్‌లోకి పోతుందో ఇప్పుడే తెలుస్తుంది, సరిచేసుకోవడానికి ఆరేడు వారాలు దొరుకుతాయి. ప్రతి సోమవారం ఒక గడి చెరిపి చివర ఒకటి చేర్చండి. ముందు ఆర్డర్ లేకుండా వేయండి, తర్వాత ఆర్డర్‌తో వేయండి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాకే ఆ కొనుగోలుదారుతో మాట్లాడండి.

సూదీదారం · గురువారం ఉదయం 11:30

"అవును", "కాదు" రెండే జవాబులు అనుకోకు తమ్ముడూ. రేటు మీద బేరం వాళ్లు చేశారు, డబ్బు వచ్చే తేదీ మీద బేరం నువ్వు చేయాలి. గుడ్డ ఖర్చుకి సరిపడా అడ్వాన్స్ అడుగు. కుదరదంటే మూడు విడతలుగా సరుకు ఇస్తానని, ఏ విడత బిల్లు ఆ విడతకే అని చెప్పు. అదీ కాదంటే గుడ్డ వాళ్లనే కొనిచ్చేయమను, నువ్వు కుట్టి ఇస్తావు. కుట్టు రేటు వేరేగా మాట్లాడుకో. అప్పుడు నీ చేతిలోంచి పోయేది ప్రధానంగా కూలి 45. మిగులు తగ్గుతుంది నిజమే, కానీ మూడు నెలల పాటు 195 ఇరుక్కోదు. పెద్ద కొనుగోలుదార్లకి గుడ్డ మీకంటే చవగ్గా దొరుకుతుంది కాబట్టి వాళ్లకీ ఇది నష్టం కాదు.

కొత్తకుట్టు · శుక్రవారం సాయంత్రం 7:50

మాట్లాడి వచ్చాను. ఆర్డర్‌తో వేసిన లెక్కలో నాలుగో వారానికే ఖాతా మైనస్‌లోకి పోయింది. లేకుండా వేస్తే పదకొండో వారం దాకా లాగుతోంది, అది కూడా ఫోన్ ఎత్తని షాపు నుంచి ఏమీ రాదనుకుని వేసిన లెక్కే. అడ్వాన్స్ అనగానే వాళ్ల పర్చేజ్ ఆయన నవ్వేశాడు. గుడ్డ మీరే ఇవ్వండి అంటే మాత్రం ఆలోచించి సరే అన్నాడు. మూడు విడతలు, ప్రతి విడత డెలివరీ నుంచి 30 రోజులు, ఆర్డర్ కాగితం మీదే రాసిచ్చారు. కుట్టు, దారం, హ్యాండిల్ కలిపి నాకు ఒక రేటు. అన్నీ పోను పాత లెక్కలో 75 మిగలాల్సిన చోట 40 మిగులుతుంది.

గల్లాపెట్టె అన్నా, వెండర్ కోడ్ కూడా ఇచ్చారు 🙂

గల్లాపెట్టె · శుక్రవారం రాత్రి 8:15

అదీ! 35 వదిలేసుకున్నావ్ అని నేనైతే అంటా. పోనీలే, కోడ్ వచ్చింది. రెండో ఆర్డర్‌కి గుడ్డ నువ్వే కొను.

సూదీదారం · శుక్రవారం రాత్రి 9:05

రెండో ఆర్డర్ సంగతి మూడు విడతల డబ్బూ వచ్చాక చూద్దాం అన్నా.

తమ్ముడూ, గుడ్డ వాళ్లది అన్నాక కొత్త గొడవ ఒకటి ఉంటుంది, కట్టింగ్ వేస్టేజ్. మీటరుకి ఎన్ని సంచులు రావాలో, ఎంత శాతం తరుగు ఒప్పుకుంటారో, మిగిలిన ముక్కలు ఎవరివో రాసి ఉందా? లేకపోతే రేపే మెయిల్ పెట్టు. రోల్ మీద రాసిన మీటర్లకీ లోపల ఉన్న మీటర్లకీ తేడా వస్తుంటుంది. గుడ్డ దిగిన రోజే వాళ్ల మనిషి ఎదురుగా రెండు మూడు రోల్స్ విప్పి కొలిచి చలానా మీద రాయించు. కత్తెర పడ్డాక ఎవరూ ఒప్పుకోరు.

కొత్తకుట్టు · శుక్రవారం రాత్రి 9:20

తరుగు గురించి రాయలేదు అక్కా. మామూలుగా ఎంత శాతం అడగొచ్చు? పాకెట్ ఉన్న మోడల్‌కి వేరేగా అడగాలా?

సూదీదారం · శుక్రవారం రాత్రి 9:40

ఊరికే ఒక శాతం అడక్కు. రేపు పాకెట్ ఉన్నది, లేనిది, ఒక్కో మోడల్‌కి ఒక లే (కట్ చేయడానికి పరిచే గుడ్డ వరస) వేసి కట్ చేయించు. ముక్కలు తూకం వేసి, ఎంత గుడ్డకి ఎంత తరుగు వచ్చిందో ఫొటోతో పంపించు. నీకు వచ్చిన దానికంటే కొంచెం ఎక్కువ అడుగు, బేరానికి చోటు ఉండాలి కదా. పాకెట్ మోడల్‌కి తప్పకుండా వేరే లెక్క రాయించు.

బాకీబాబు · శుక్రవారం రాత్రి 9:55

ఆ మెయిల్‌లోనే వాళ్ల అకౌంట్స్‌లో బిల్లులు చూసే మనిషి పేరు, నంబరు కూడా అడిగేయ్.

కొత్తకుట్టు · శుక్రవారం రాత్రి 10:01

అడిగాను అన్నా, అది మాత్రం ఈ రోజే తీసుకున్నా.